వాతపురాధీశుని ముంగిట నూరు దినములు

శరీరమును బాధించునది వ్యాధి, మనస్సును బాధించునది ఆధి. దీర్ఘరోగము గలవానికి ఈ రెండును జంటగానే వచ్చును. నొప్పి ఒక ఘడియ తగ్గినను, రేపు ఎట్లుండునో యను దిగులు తగ్గదు. ఈ రెండింటి నడుమ నారాయణీయమను స్తోత్రరాజమును రచించిన మహానుభావుడు మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి.

ఆయన కేరళదేశమున తిరునావాయ క్షేత్రసమీపమున 1560 ప్రాంతమున జన్మించెను. తండ్రి మాతృదత్తుని వద్ద మీమాంసను, అన్న దామోదరుని వద్ద తర్కమును అభ్యసించెను. వ్యాకరణ గురువు అచ్యుత పిషారటి. జ్యోతిశ్శాస్త్రమునందును ఆయన ప్రసిద్ధుడు. ఆ గురువునకు వాతరోగము సోకి కాలుసేతులు పట్టుకొనిపోగా, శిష్యుడు దానిని గురుదక్షిణగా తనకు తెచ్చుకొనెనని పారంపర్యము. అప్పటికి భట్టతిరికి ఇరువదియాఱేండ్లకు మించదు.

ఔషధములవలన గుణము కనబడక ఆయన గురువాయూరు చేరెను. బృహస్పతియు వాయువును ప్రతిష్ఠించిన క్షేత్రమగుటచే దానికి ఆ పేరు. రోగము వాతము, స్వామి వాతపురాధీశుడు! ఆ పేరును కవి తన మొరలో పలుమార్లు వాడుకొనినాడు. చేపతో మొదలుపెట్టుమని ఎழுత్తచ్ఛన్ చెప్పి పంపగా, విన్నవారు మత్స్యాహారమని భ్రమపడిరనియు, భట్టతిరి మాత్రము మత్స్యాదిగా అవతారములను కీర్తింపుమని గ్రహించెననియు కథ గలదు. గ్రంథమున మత్స్యావతారము ముప్పదిరెండవ దశకమున గాని రాదు. కవి భాగవతక్రమమునే అనుసరించెను.

భాగవతమున పదునెనిమిదివేల శ్లోకములని ప్రసిద్ధి. దానిని భట్టతిరి నూరు దశకములలో, వేయికి కొంచెము పైబడిన శ్లోకములలో ఇమిడ్చెను. దినమున కొక దశకము చొప్పున స్వామి సన్నిధిని సమర్పించెనందురు.

నూఱవనాడు స్వామి దర్శనమిచ్చెను, రోగము పోయెను అని మనము కథను ముగింతుము. తక్కిన తొంబదితొమ్మిది దినముల మాట ఎవ్వరును తలపరు. రోగికి పనికివచ్చునది ఆ దినములే యని నా తలంపు. ఆయన బాధను దాచుకొనలేదు. వ్యాధిచే క్లేశపడు చిత్తము భగవత్సేవయందైనను నిలువకున్నదని మూడవ దశకముననే ఒప్పుకొనెను. అంతటి పండితుడు అట్లు చెప్పుకొనగా, జపమున మనస్సు కుదరలేదని మంచముపైనున్నవారు తమ్మును తాము నిందించుకొననేల? ఇంచుమించు ప్రతి దశకాంతమునను రోగము పోగొట్టుమని మరల అడిగెను. నిన్న అడిగితినిగదా యని సిగ్గుపడలేదు. అడిగిన మీదట మరునాడు తరువాతి కథ చెప్పెను. నూరు దశకముల బరువును ఒక్కనాడు మోయలేదు. ఆనాటికి పది శ్లోకములు, ఒక విన్నపము, అంతే.

నూఱవ దశకమున స్వామిని కేశాదిపాదాంతము కనులార చూచినట్లు వర్ణించెను. ఆయువును, ఆరోగ్యమును, సౌఖ్యమును కోరు కడపటి పదమును కటపయాది సంఖ్యలో లెక్కించినచో 1712210 వచ్చును. అది కలియుగారంభము నుండి దినముల లెక్క. 1586వ సంవత్సరాంతమున వృశ్చికమాసమున పడును. ప్రార్థనయే తేదీ యగుట వైయాకరణునకు తగిన చమత్కారము!

తరువాత ఆయన చాలకాలము జీవించెను. గురువును 1621 వరకు ఉండెను. అంబలప్పుళ ప్రభువు దేవనారాయణుడు కోరగా, పాణిని సూత్రములను ప్రక్రియాక్రమమున విడదీసి ప్రక్రియాసర్వస్వమను పెద్ద వ్యాకరణమును రచించెను. చాక్యారుల ప్రదర్శనమునకై ప్రబంధములును కూర్చెను. వానిలో నిరనునాసికము మిక్కిలి వేడుకయైనది. ముక్కు తెగిన శూర్పణఖ రావణునితో మొరపెట్టుకొనునపుడు, ఆమె నోట అనునాసికాక్షరము ఒక్కటియు రాదు.