కంచు కంఠం: కలావాచస్పతి కొంగర జగ్గయ్య

మన నందికొండలలో పుట్టిన పెన్నానది ఎల్లలు దాటి ఆంధ్రసీమలో ప్రవహించి, నెల్లూరు సీమలో సముద్రంలో కలుస్తున్నది. మన తెలుగు భాష కూడా అట్టిదే. కైవారం తాతయ్య గారు ఈ గడ్డమీదనే తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు పాడి ఉభయ భాషలనూ పావనం చేశారు. అయినను మన పిల్లలలో పలువురు ఊరు దాటగానే తమ తెలుగును వినిపించడానికి సంకోచిస్తున్నారు. తెలుగు మాధ్యమంలో చదివితే ఏ కొలువు దొరుకుతుందని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. దానికి ఉపన్యాసంతో గాక, ఒక మహనీయుని జీవితంతో సమాధానం చెప్పదలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కొంగర జగ్గయ్య గారు గుంటూరు జిల్లా తెనాలి చేరువనున్న మోరంపూడి గ్రామంలో, ఒక డిసెంబరు 31వ తేదీన జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో విద్యనభ్యసించారు. అచ్చట నందమూరి తారక రామారావు గారితో కలసి నాటకాలాడారు. చిత్రలేఖనంలో అడివి బాపిరాజు గారి శిష్యరికం చేశారు. కొంతకాలం పత్రికా రచన కూడా సాగించారు. రంగస్థలం కంఠానికి బలమిస్తే, పత్రిక మాటకు నియమం నేర్పింది.

ఈ రెండు విద్యలూ ఫలించిన చోటు ఆకాశవాణి. 1952కు ముందు సుమారు మూడేండ్లపాటు ఆయన ఢిల్లీనుండి తెలుగు వార్తలు చదివారు. మనదేశంలో దూరదర్శన్ ప్రసారాలు 1959లో గాని ఆరంభం కాలేదు. అంతవరకు వార్త అంటే పత్రిక, లేదా రేడియో. అక్షరం రాని రైతుకు రేడియోయే దిక్కు. నేటి టెలివిజన్ వ్యాఖ్యాతకు ముఖమున్నది, దృశ్యమున్నది. నాటి వార్తా పఠితకు కంఠమొక్కటే ఆధారం. ఒత్తులు జారకూడదు, శ, ష, సలు కలగాపులగం కాకూడదు, ఊళ్ళ పేర్లు, అంకెలు తడబడకూడదు. విషాదవార్తను చదివేటప్పుడు గొంతు చెదరకూడదు, అట్లని రాయివలె ఉండకూడదు. తన అభిప్రాయాన్ని వార్తలో కలుపరాదు. కనబడకుండానే వినేవారి నమ్మకాన్ని సంపాదించడం ఎంతటి సాధనో విజ్ఞులు ఊహింపగలరు.

సుస్థిరమైన ఆ కొలువును విడిచి, ఆయన చిత్రసీమలో అడుగుపెట్టడం సాహసమే. త్రిపురనేని గోపీచంద్ గారి దర్శకత్వంలో 1952లో వచ్చిన ప్రియురాలు ఆయన తొలిచిత్రం. 1955లో బంగారుపాప, అర్ధాంగి చిత్రాలు ఆయనకు పేరు తెచ్చాయి. 1962లో స్వాతంత్ర్యోద్యమ నేపథ్యంతో పదండి ముందుకు అనే చిత్రాన్ని స్వయంగా నిర్మించారు. తమిళం నుండి తెలుగులోకి అనువదింపబడిన చిత్రాలలో శివాజీ గణేశన్ గారికి తన గాత్రమిచ్చారు. తెర వెనుక నిలిచి, కీర్తి మరొకరికి చెందే పనిని సైతం శ్రద్ధతో చేయడం ఆయన సంస్కారం.

ఆయన వార్తలు చదివిన నాటికి నేను పుట్టలేదు. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు చిత్రం మా ఊరి టెంటుకు చేరినప్పుడు, రూథర్‌ఫర్డ్ పాత్రలో ఆ కంఠం మొదటిసారి విన్నాను. ఆయన ధరించినది మనకు శత్రువైన దొర పాత్ర. అయినా ఆ తెలుగు ఎంత గంభీరంగా ఉన్నదని పిల్లలమంతా ముచ్చటపడి, మరునాడు బడిలో అనుకరించబోయి నవ్వులపాలయ్యాము. ఉచ్చారణ మీద నాకు శ్రద్ధ కలిగింది ఆనాడే.

1967లో ఒంగోలు నియోజకవర్గం నుండి కాంగ్రెసు అభ్యర్థిగా ఆయన లోక్‌సభకు ఎన్నికైనారు. ఒకనాడు వార్తలు చదివిన ఢిల్లీకే ప్రజాప్రతినిధిగా వెళ్ళారన్నమాట. రవీంద్రుని గీతాంజలిని రవీంద్రగీతగా తెనిగించారు. 1989లో కవి ఆచార్య ఆత్రేయ మరణించిన పిమ్మట, ఆ మిత్రుని రచనలను ఏడు సంపుటాలుగా వెలువరించడానికి పూనుకొన్నారు. 1992లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. 2004 మార్చి 5న చెన్నైలో పరమపదించారు.

తెలుగు చదివినవారందరూ జగ్గయ్యలు కారు. ఆ మాట తల్లిదండ్రులకు దాచక చెప్పవలసినదే. ఇంగ్లీషు, కన్నడం కూడా మన పిల్లలకు అవసరమే. అయితే ఆయనకు వార్తా పఠనం, రంగస్థలం, చిత్రసీమ, అనువాదం అన్నీ ఒక్క పునాది మీదనే నిలిచాయి. అది సాధనచేత శుద్ధి పొందిన మాతృభాష. ఒక భాషలో నిబ్బరంగా నిలబడగలిగినవాడు మరొక భాషలోనూ తలెత్తుకొని మాట్లాడగలడని నా బోధనానుభవం.

ప్రియ విద్యార్థులారా! ప్రతి ఉదయం ప్రార్థన ముగిశాక మీలో ఒకరు వార్తలు చదువుతారు. గొంతు వణుకుతుంది, కాగితం వణుకుతుంది, వెనుక వరుసలో ఎవరో నవ్వుతారు. వణికినా వాక్యాన్ని నడుమ విడువకండి. మన సీమ యాసకు సిగ్గుపడకండి. అక్షరం స్పష్టంగా పలకండి. మీరు చదివిన వార్త చివరి వరుసకు వినబడిన నాడు, డెబ్బదియైదేండ్ల మన పాఠశాల తన పని తాను చేసినట్లే.