షోలాపూర్ డాక్టరు

షోలాపూర్ అనగానే మనకి దుప్పట్లు గుర్తొస్తాయి. తరాల కిందట తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు అక్కడి పేటల్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారని కూడా కొందరికి తెలుసు. చైనాలో విగ్రహం పెట్టి గౌరవించుకునే ఒక డాక్టరు పుట్టింది ఆ ఊళ్లోనేనని మాత్రం తెలిసినవాళ్లు తక్కువ.

ద్వారకానాథ్ కోట్నిస్ 1910 అక్టోబరు 10న ఒక మరాఠీ కుటుంబంలో పుట్టారు. బొంబాయిలో వైద్యం చదివారు. 1938లో జపాన్ దాడితో నలిగిపోతున్న చైనా, డాక్టర్లను పంపమని నెహ్రూని అడిగింది. కాంగ్రెస్ పంపిన ఐదుగురిలో ఆయనొకరు. అప్పటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఉత్తర చైనా కొండల్లో రోడ్లు లేవు. గాయపడ్డవాళ్లు ఆస్పత్రికి చేరేలోపే చచ్చిపోయేవారు. అందుకని కెనడా డాక్టరు నార్మన్ బెథూన్ ఆపరేషన్ సామాన్లని కంచరగాడిదల మీద వేసుకుని యుద్ధం దగ్గరికే పోయేవాడు. 1939లో ఆయన చనిపోయాక కోట్నిస్ అదే దారి పట్టారు. ఒక యుద్ధంలో మూడు రోజులు నిద్ర లేకుండా ఆపరేషన్లు చేశారంటారు. చైనా భాష నేర్చుకుని రోగులతో వాళ్ల మాటలోనే మాట్లాడారు, ఆ భాషలోనే పాఠాలు చెప్పారు. 1941లో బెథూన్ పేరిట పెట్టిన ఆస్పత్రికి అధిపతి అయ్యారు. అక్కడి నర్సు గువో చింగ్‌లాన్‌ని పెళ్లాడారు. బాబు పుట్టిన కొద్ది నెలలకే, 1942 డిసెంబరు 9న, మూర్ఛరోగంతో పోయారు. వయసు ముప్పై రెండు. మిగతా నలుగురూ చివరికి తిరిగొచ్చారు, ఆయన రాలేదు. శాంతారాం 1946లో ఆయన మీద సినిమా తీశారు. షోలాపూర్‌లో ఆయన ఇంటిని స్మారకంగా ఉంచారు.

ఆయన కథ చదువుతుంటే నాకు యుద్ధం కన్నా షోలాపూర్‌లో ఉండే మా మేనత్తే ఎక్కువ గుర్తొచ్చింది. మామయ్య పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు, అత్త ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. పొగాకు దుమ్ము, వంగిన నడుము, ఎడతెగని దగ్గు. దవాఖానా ఉంది, మందులూ ఊరికే ఇస్తారు. కానీ పొద్దున పోయి లైన్లో నిలబడితే ఆ రోజు బీడీలు పడవు. బీడీలు పడకపోతే కూలీ లేదు. పోయినా, తన బాధ మరాఠీలో చెప్పుకోలేదు. అందుకే దగ్గుతూనే చుడుతుంది. అది నిర్లక్ష్యం కాదు, లెక్క. జీతం కోత పడనివాళ్లకి ఊరికే దొరికే వైద్యం, రోజుకూలీకి మాత్రం ఒక రోజు కూలీ ఖరీదు చేస్తుంది.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లోనే వచ్చింది. ఇప్పుడు పట్టణ ఆరోగ్య కేంద్రాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు. వీటన్నిటినీ ఆడవాళ్లు చుట్టిన బీడీలు అప్పజెప్పే చోటికి వారానికో సాయంత్రం తెస్తే? ఒక నర్సు, బీపీ మిషన్, కఫం పరీక్షకి డబ్బాలు, తెలుగులో నాలుగు మాటలు. పేటలోనే పుట్టి చదువుకున్న అమ్మాయిని ఆ పనిలో పెడితే భాష సమస్యే ఉండదు. దీనికి కొత్త ఆస్పత్రి కట్టక్కర్లేదు. ఉన్నదాని వేళా, చోటూ మారిస్తే చాలు.

కోట్నిస్ కొండలెక్కి రోగి దగ్గరికి పోయారు. ఆయన పుట్టిన ఊళ్లో మునిసిపాలిటీ నర్సు నాలుగు వీధులు దాటి బీడీల కార్ఖానా దాకా రాగలిగితే, మా అత్త దగ్గు ఏమిటో ఈ ఏడాదైనా తెలుస్తుంది.