సర్వీస్ బలమా, ఆట అందమా? పాంచో గొంజాలెస్ జీవితం చెప్పే సంగతి

ఏటా వింబుల్డన్ మొదలైతే చాలు, టీవీ ముందు ఒక వాదన కూడా మొదలవుతుంది. సర్వీస్ చేసి నెట్ దగ్గరికి దూసుకెళ్లే పాత ఆటే ఆట అంటారు పెద్దవాళ్లు. బేస్‌లైన్ మీద నిలబడి ఇరవై, ముప్పై షాట్ల ర్యాలీలు ఆడే ఇప్పటి ఆటలోనే అసలు పోరాటం ఉందంటారు పిల్లలు. సానియా మీర్జా వచ్చాక మన ఇళ్లలోనూ టెన్నిస్ మాట వినబడుతోంది కాబట్టి ఈ వాదన మనకూ కొత్తేం కాదు.

కానీ ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1950ల్లోనే అమెరికాలో ఒక ఆటగాడి సర్వీస్ మరీ బలంగా ఉందని, చూసేవాళ్లకు విసుగొస్తుందేమోనని ఏకంగా ఆట నిబంధననే మార్చి చూశారు. ఆయన పేరు రికార్డో అలోన్సో గొంజాలెస్. లోకానికి తెలిసిన పేరు పాంచో గొంజాలెస్.

51 సెంట్ల రాకెట్

1928 మే 9న లాస్ ఏంజెలిస్‌లో ఆయన పుట్టారు. తల్లిదండ్రులు మెక్సికో నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఏడుగురు పిల్లల సంసారం. తండ్రి పెయింటింగ్ పని చేసేవారు, తల్లి కుట్టు పని చేసేవారు. పన్నెండేళ్ల వయసులో పిల్లవాడు సైకిల్ అడిగితే అంత స్తోమత లేక ఆ తల్లి 51 సెంట్లు పెట్టి ఒక రాకెట్ కొనిచ్చింది. ఆ రాకెట్టే ఆయన జాతకం మార్చేసింది.

కోచ్ లేడు, క్లబ్ లేదు. ఎక్స్‌పొజిషన్ పార్కులోని పబ్లిక్ కోర్టుల దగ్గర నిలబడి, ఆడేవాళ్లను చూసి చూసి నేర్చుకున్నాడు. ఆట పిచ్చిలో బడి ఎగ్గొట్టాడు. బడికి రాని పిల్లవాడిని జూనియర్ టోర్నీల్లో ఆడనివ్వమని దక్షిణ కాలిఫోర్నియా టెన్నిస్ పెద్దలు తలుపు మూసేశారు. అదే వయసులో దారి కూడా తప్పాడు. దొంగతనం కేసులో బాల నేరస్థుల మధ్య కొంతకాలం గడిపాడు. ఆ తర్వాత నేవీలో చేరి, 1947లో బయటికొచ్చాడు.

పాంచో అనేది ఇంట్లో పెట్టిన పేరు కాదు. మెక్సికో వాళ్లు ఎవరు కనబడినా అమెరికాలో తేలిగ్గా పిలిచే పిలుపు అది. ఎడమ చెంప మీద ఒక గాటు ఉండేది. చిన్నప్పుడు స్కూటర్ తోసుకుంటూ వెళ్తుంటే కారు తగిలి అయిన గాయం. కానీ మెక్సికో కుర్రాడి మొహం మీద గాటంటే కత్తుల గొడవే అయ్యుంటుందని రాసినవాళ్లున్నారు. పేరును బట్టి, మొహాన్ని బట్టి మనిషిని ముందే తూచేసే అలవాటు ఏ దేశంలోనైనా ఉంటుంది కదా.

రెండేళ్లలో శిఖరం

1948లో ఇరవై ఏళ్ల వయసులో ఫారెస్ట్ హిల్స్‌లో అమెరికా జాతీయ ఛాంపియన్ అయ్యారు. ఫైనల్లో దక్షిణాఫ్రికా ఆటగాడు ఎరిక్ స్టర్జెస్‌ను ఓడించారు. ఏదో అదృష్టం కలిసొచ్చిందని కొందరు పెదవి విరిచారు. 1949లో వింబుల్డన్ సింగిల్స్‌లో ముందే ఓడిపోవడంతో ఆ మాటలు ఇంకా పెరిగాయి. జవాబు ఆ ఏడాదే దొరికింది. అమెరికా ఫైనల్లో టెడ్ ష్రోడర్ చేతిలో మొదటి రెండు సెట్లు 16-18, 2-6తో పోగొట్టుకుని, తర్వాత మూడు సెట్లు వరసగా గెలిచి కప్పు నిలబెట్టుకున్నారు.

ఇక్కడే ఆయన జీవితంలో పెద్ద మలుపు. అప్పట్లో వింబుల్డన్ లాంటి పెద్ద టోర్నీలన్నీ అమెచ్యూర్లకే, అంటే ఆటకు డబ్బు తీసుకోని వాళ్లకే. డబ్బు తీసుకుని ఆడితే ఆ గేటు మూసుకుపోతుంది. కలిగినవాళ్ల పిల్లలకు సరే, గొంజాలెస్‌కు ఇల్లు గడవాలి. 1949 చివర్లో ప్రొఫెషనల్ అయ్యారు. ఆ తర్వాత 1968లో ఓపెన్ టెన్నిస్ వచ్చేదాకా, అంటే ఆయన మంచి వయసంతా, ఆ పెద్ద టోర్నీల గేటు తెరుచుకోలేదు. రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు పక్కన గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు రెండే కనబడటానికి కారణం ఇదే.

ఊరూరా తిరిగే ఆట

ప్రొఫెషనల్ టెన్నిస్ అప్పుడు ఒకరకంగా సర్కస్ లాంటిది. గుడ్డతో చేసిన కోర్టును లారీలో వేసుకుని ఊరూరా తిరగడం, ఇండోర్ హాల్లో పరవడం, రాత్రి ఆడటం, పొద్దున్నే మళ్లీ ప్రయాణం. అదే ఇద్దరు నెలల తరబడి తలపడాలి. టికెట్ అమ్ముడైతేనే కూలి గిట్టుబాటు. కాబట్టి ఆట చూడబుద్ధి అయ్యేలా ఉందా లేదా అన్నది వాళ్లకు కబుర్ల విషయం కాదు, కడుపు విషయం.

మొదటి టూర్‌లో జాక్ క్రేమర్ ఆయన్ను 96-27తో చిత్తు చేశాడు. బలంగా సర్వీస్ చేసి, వెంటనే నెట్ దగ్గరికి వెళ్లి, బంతి నేల తాకక ముందే వాలీతో ముగించే పద్ధతిని అందరికంటే లెక్కగా ఆడినవాడు క్రేమర్. ఆ దెబ్బతో గొంజాలెస్‌కు చాలాకాలం సరైన టూర్ దొరకలేదు. చిన్నప్పుడు ఆడుకున్న పార్కులోనే టెన్నిస్ షాపు నడుపుకున్నారు. మేహనత్ మాత్రం మానలేదు.

1954 నుంచి కథ తిరగబడింది. తనను ఓడించిన పద్ధతినే క్రేమర్ కంటే బాగా ఒంటబట్టించుకున్నారు. 1956లో టోనీ ట్రాబర్ట్ మీద 74-27, 1957లో కెన్ రోజ్‌వాల్ మీద 50-26. 1958లో లూ హోడ్ మొదట్లో 18-9తో ముందుకెళ్లినా చివరికి గొంజాలెసే 51-36తో గెలిచారు. ఇంత గెలిచినా గ్యారంటీ డబ్బు ఎక్కువగా కొత్తగా వచ్చిన ఛాలెంజర్‌కే దక్కేది. జనం కొత్త మొహం కోసం వస్తారన్నది నిర్వాహకుల లెక్క. ఛాంపియన్ చేతికి వచ్చేది తక్కువ. ఈ అన్యాయం ఆయన మనసులో జీవితాంతం ముల్లులా ఉండిపోయింది. ముక్కు మీద కోపం, ఎవరితోనూ కలవని స్వభావం కూడా ఉండేవి. తోటి ఆటగాళ్లతో కాకుండా తన కారులో ఒంటరిగా ప్రయాణం చేసేవారు.

నిబంధన మారింది, ఫలితం మారలేదు

ఆయన సర్వీస్ ఎలా ఉండేదంటే, ఎక్కడా బలవంతం కనబడదు. ఆరడుగుల పైన ఎత్తు, ఒక్క కదలికలో చెయ్యి పైకి లేచి దిగుతుంది, బంతి వెళ్లిపోతుంది. పైగా ఆనాటి కర్ర రాకెట్ల తల చిన్నది. గడ్డి మీదా, నున్నటి ఇండోర్ కోర్టు మీదా బంతి కిందుగా, వేగంగా జారుతుంది. ఎదుటివాడు దాన్ని ఎలాగో తిప్పి కొట్టేలోపు ఈయన నెట్ దగ్గర ఉంటారు. పాయింట్ రెండు మూడు దెబ్బల్లో అయిపోతుంది.

ఇలాగైతే ర్యాలీ ఎక్కడిది, టికెట్ కొన్నవాడు చూసేదేమిటి అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు ప్రొఫెషనల్ టూర్‌లో కొద్దికాలం కొత్త రూల్ పెట్టారు. సర్వీస్‌కు బదులుగా వచ్చిన బంతిని సర్వీస్ చేసినవాడు గాల్లోనే కొట్టకూడదు. అది ఒకసారి నేల తాకాకే కొట్టాలి. అంటే గొంజాలెస్ సర్వీస్ చేసి నెట్‌కు పరుగెత్తే దారి మూసేశారన్నమాట.

ఏమైంది? అయినా గొంజాలెసే గెలిచారు. ఎందుకంటే ఆయన దగ్గర సర్వీస్ ఒక్కటే లేదు. చిరుతలా కదిలే కాళ్లున్నాయి, బంతిని మెత్తగా అవతల పడేసే చేతి నేర్పు ఉంది, ఓడిపోతున్నా లొంగని మొండితనం ఉంది. ఆ రూల్‌ను తర్వాత తీసేశారు.

ఇందులో ఒక పాఠం ఉంది. జనానికి విసుగు తెప్పించేది పొట్టి పాయింట్ కాదు, ఒకే రకం పాయింట్. ఆ రోజుల్లో ఆయనకు ఎదురుగా ఎవరెవరు నిలబడ్డారో చూడండి. రెండు చేతులతో ఫోర్‌హ్యాండ్ కొట్టే ఈక్వెడార్ పొట్టి మనిషి పాంచో సెగురా. బ్యాక్‌హ్యాండ్‌తో నెట్ దగ్గరి వాడిని దాటించే రోజ్‌వాల్. మణికట్టు బలంతో ఎటైనా కొట్టగల హోడ్. ఒకడు దాడి చేస్తుంటే ఇంకొకడు దానికి విరుగుడు వెతకాలి. అందులోనే ఉంది మజా.

112 గేములు

1968లో గేట్లు తెరిచేసరికి ఆయనకు నలభై. తాతయ్య కూడా అయ్యారు. 1969 వింబుల్డన్ మొదటి రౌండ్‌లో, 41 ఏళ్ల వయసులో, 25 ఏళ్ల చార్లీ పాసరెల్‌తో తలపడ్డారు. అప్పట్లో టై బ్రేక్ లేదు. సర్వీస్ బలంగా ఉన్నవాళ్లిద్దరు కలిస్తే సెట్ ఎప్పటికి తెగుతుందో చెప్పలేం. మొదటి సెట్ 22-24తో పోయింది. చీకటి పడుతోంది, ఆట ఆపమని గొంజాలెస్ గొడవపెట్టారు. ఎవరూ వినలేదు. రెండో సెట్‌ను 1-6తో వదిలేసి కోపంగా వెళ్తుంటే జనం గేలి చేశారు.

మర్నాడు మళ్లీ వచ్చారు. మూడో సెట్ 16-14, నాలుగోది 6-3. అయిదో సెట్‌లో రెండుసార్లు 0-40 దగ్గర చిక్కుకున్నారు. మొత్తం ఏడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 11-9తో గెలిచారు. 5 గంటల 12 నిమిషాలు, 112 గేములు. నిన్న గేలి చేసిన అదే జనం ఇవాళ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇలాంటి అంతులేని సెట్లే టై బ్రేక్ అవసరాన్ని గట్టిగా చూపించాయి. 1970లో అమెరికా ఓపెన్, 1971లో వింబుల్డన్ దాన్ని తెచ్చుకున్నాయి.

విచిత్రం చూడండి. ఒకప్పుడు ఆయన ఆట మరీ పొట్టి అని రూల్ మార్చారు. తర్వాత ఆయన ఆడినలాంటి మ్యాచ్‌లు మరీ పొడుగు అని మళ్లీ రూల్ మార్చారు. అయినా టెన్నిస్ గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ పొడుగు మ్యాచ్‌నే.

1970 జనవరిలో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, అంతకుముందు ఏడాదే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన రాడ్ లేవర్‌ను అయిదు సెట్లలో ఓడించారు. గెలిచినవాడికే 10,000 డాలర్లు, ఓడినవాడికి ఏమీ లేదు. 1972లో 43 ఏళ్ల వయసులో డి మోయిన్ టోర్నీ గెలిచారు.

తర్వాత ఆట ఎటు పోయింది?

గొంజాలెస్ 1995 జూలై 3న, వింబుల్డన్ జరుగుతుండగానే, లాస్ వెగాస్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. అంత్యక్రియల ఖర్చు ఆయన బావమరిది ఆండ్రీ అగస్సీ భరించారు. మరో చిత్రం ఏమిటంటే, బేస్‌లైన్ మీద నిలబడి సర్వీస్‌ను తిప్పి కొట్టడంలో ఆ కాలానికి మొనగాడు ఈ అగస్సీయే.

ఆ 1990ల్లోనే ఏస్‌లు ఎక్కువై వింబుల్డన్ బోరు కొడుతోందని మళ్లీ గొడవ లేచింది. 2001లో అక్కడ గడ్డి రకం మార్చారు, బంతి పైకి లేవడం మొదలైంది. రాకెట్ తల పెద్దదైంది, కొత్తరకం పాలియెస్టర్ తీగలతో బంతిని బాగా తిప్పి నెట్ దగ్గరి వాడి కాళ్ల దగ్గర దించడం తేలికైంది. 2002 వింబుల్డన్ ఫైనల్ ఆడిన హ్యూయిట్, నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ ఆటగాళ్లే. ర్యాలీలు పెరిగాయి, పోరాటాలు పొడవయ్యాయి. కానీ ఇద్దరూ ఒకేలా ఆడుతున్నారన్న కొత్త ఫిర్యాదు మొదలైంది.

అంటే రూల్, గడ్డి, రాకెట్ ఏది మార్చినా ఫిర్యాదు పోలేదు, వేషం మార్చుకుందంతే. ఈసారి టీవీ ముందు పాత ఆటా కొత్త ఆటా అని వాదన వస్తే పిల్లలకు ఈ కథ చెప్పండి. ఆ 51 సెంట్ల రాకెట్ పట్టిన కుర్రాడిని తలుపు బయట నిలబెట్టారు, పేరు మార్చి పిలిచారు, కూలి తగ్గించారు, చివరికి ఆయన ఆటకే అడ్డుకట్ట వేశారు. ఆయన మాత్రం ప్రతిసారీ ఇంకో దారి వెతుక్కున్నారు. జనం డబ్బిచ్చి చూడటానికి వచ్చింది అందుకే.