సర్ రోనాల్డు రాసు

కాలువలును వరిచేలును గల మన చుండూరు ప్రాంతమున దోమ నెరుగనివా రుండరు. మలేరియాను మోయునది ఈ యల్పప్రాణియే యనుటకు ముఖ్యమైన యాధారము సికిందరాబాదున దొరకెను. దానిని కనుగొన్న వైద్యుడు రోనాల్డు రాసు.

ఈయన 1857 మే 13వ తేదీన హిమాలయప్రాంతపు అల్మోరాలో జన్మించెను. ఇంగ్లండున వైద్యము నభ్యసించి, 1881లో ఇండియను మెడికల్ సర్వీసున చేరెను. ఆ కాలమున మలేరియాకు చెడుగాలియే కారణమని పలువురు నమ్ముచుండిరి. రోగుల రక్తమున నొక సూక్ష్మజీవి యున్నదని ఫ్రెంచి వైద్యుడు లావెరాను 1880లో కనుగొనెను. ఆ జీవికిని దోమకును సంబంధ ముండవచ్చునని 1894లో డాక్టరు మాన్సను రాసునకు సూచించెను. అది యూహ మాత్రమే. దానిని పరీక్షకు నిలుపుట రాసు వంతయ్యెను.

1895 మొదలు రెండేండ్లు ఆయన రోగుల రక్తము త్రాగిన దోమలను కోసి సూక్ష్మదర్శినితో శోధించెను. ఏమియు కానరాలేదు. ఆ శ్రమయు వ్యర్థము కాలేదు. వేరొక జాతి దోమను వెదుకవలెనని దానివలననే తెలిసెను. 1897 ఆగస్టున మచ్చల రెక్కల దోమలు లభించెను. ఎగురుచుండగా పట్టిన దోమ అంతకుముందెవరిని కుట్టినదో తెలియదు. కావున నీటిలోని పురుగుదశనుండి పెంచిన దోమలచే హుస్సేను ఖాను అను రోగిని కుట్టించెను. కాటునకొక అణా చొప్పున అతనికి ముట్టెను. ఆగస్టు 20న ఒక దోమ కడుపుగోడలో, మలేరియా జీవికుండు నల్లని రేణువులతో గుండ్రని కణములు కనబడెను. మరునాడు కోసిన దోమలో నవి మరింత పెద్దవై యుండెను.

ఒకటి రెండు దోమలు చాలవు. 1898లో కలకత్తాయందు రాసు పక్షుల మలేరియాను చేపట్టెను. సూక్ష్మజీవులు లేని పిచ్చుకను, కొన్ని గల దానిని, పెక్కు గల దానిని దోమలచే కుట్టించెను. మొదటి గుంపు దోమలలో కణములు లేవు. రెండవదానిలో కొన్ని, మూడవదానిలో మిక్కుటముగ నుండెను. పిమ్మట రోగపు దోమలచే ఆరోగ్యముగల పక్షులను కుట్టించి, వానికి రోగము సంక్రమించుట చూచెను. మనుష్యుల విషయమున ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ యేడే దీనిని స్థిరపరచిరి. రాసునకు 1902లో నోబెలు బహుమానము లభించెను. 1932 సెప్టెంబరు 16న ఆయన మరణించెను.

విద్యార్థులారా! రోగము లేని ఆ మొదటి పిచ్చుకను మరువకుడు. అది ప్రక్కన లేకున్న తక్కిన రెండును ఏమియు ఋజువు చేయజాలవు. ఏ కారణమును శంకింతుమో అది లేని వస్తువును సరిపోల్చి చూచుటయు, ఫలింపని పరీక్షనుగూడ వ్రాసి యుంచుటయు పరిశోధకుని ధర్మములు. అణాలకు చేయి చాచి దోమకాట్లు సహించిన హుస్సేను ఖానునకును ఈ విజయమున భాగము కలదు.