మొదటి చార్లెస్

మొదటి చార్లెస్ 1600లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు నడక, మాట ఆలస్యంగా వచ్చాయి. పెద్దయ్యాక కూడా నత్తి ఉండేది. 1625లో ఇంగ్లండ్ రాజయ్యాడు. రాజాధికారం దేవుడిచ్చిందని, తనను ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదని నమ్మాడు. తమ అనుమతి లేకుండా పన్నులు వేయకూడదంది పార్లమెంటు. 1629లో దాన్ని రద్దు చేసి 11 ఏళ్లు పిలవకుండానే పాలించాడు. సముద్రం లేని ఊళ్లమీద కూడా ఓడల పన్ను వేశాడు.

1642 జనవరిలో ఐదుగురు సభ్యులను బంధించడానికి సైనికులతో కామన్స్ సభకే వెళ్లాడు. వాళ్లు ముందే తప్పించుకున్నారు. వారి జాడ చెప్పడానికి స్పీకర్ ఒప్పుకోలేదు. ఆ ఏడాదే అంతర్యుద్ధం మొదలైంది. రాజు ఓడిపోయాడు. 1649 జనవరి 30న మరణశిక్ష అమలైంది. చలికి వణికితే భయమనుకుంటారని ఆ రోజు రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. అతనికి ధైర్యం ఉంది, ఎదుటివారి మాట వినే ఓర్పే లేదు. అప్పటినుంచి సభ జరుగుతుండగా ఏ రాజూ కామన్స్‌లో అడుగు పెట్టలేదు.