అణువు కోసం వాదించిన ఆచార్యుడు: లుడ్విగ్ బోల్ట్జ్‌మన్

దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకునే సెప్టెంబరు 5, భౌతిక శాస్త్ర చరిత్రలో ఒక విషాద దినం కూడా. 1906లో అదే తేదీన, ట్రియెస్టె నగరానికి చేరువలో ఆడ్రియాటిక్ సముద్ర తీరాన ఉన్న డ్యూయినో గ్రామంలో లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 62 ఏళ్ళు. వియన్నా విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతిక శాస్త్ర ఆచార్యులుగా ఉన్నారు. ఐరోపాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు పోటీపడి ఆహ్వానించిన పండితుడు ఆయన.

పరమాణువులు ఉన్నాయని ఆయన చెబితే లోకం నమ్మలేదని, ఆ తిరస్కారమే ఆయనను బలిగొన్నదని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. జీవితం అంత సూటిగా సాగలేదు. బోల్ట్జ్‌మన్‌కు ప్రత్యర్థులు ఉన్నమాట నిజమే. అయితే వారిలో ప్రముఖుడొకరు ఆయనకు మిత్రుడు కూడా. వారి మధ్య నలిగిన ప్రశ్న మాత్రం నేటికీ పాతబడలేదు. కంటికి కనిపించని వస్తువును ఆధారం చేసుకొని, కనిపించే ప్రపంచాన్ని వివరించే అధికారం శాస్త్రానికి ఉందా? ఉంటే, అలా కట్టిన సిద్ధాంతాన్ని సత్యం అనాలా, సత్యానికి గీసిన బొమ్మ అనాలా?

వియన్నా బాల్యం, గ్రాజ్ సంసారం

బోల్ట్జ్‌మన్ 1844 ఫిబ్రవరి 20న వియన్నాలో జన్మించారు. తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. లింజ్ పట్టణంలో పాఠశాల చదువు సాగుతున్న రోజుల్లో, సంగీతకారుడు ఆంటన్ బ్రూక్నర్ వద్ద కొంతకాలం పియానో నేర్చుకున్నారు. సంగీతంపై ఆ మక్కువ జీవితాంతం ఆయనను వీడలేదు. పదిహేనో ఏట తండ్రి మరణించారు.

1863లో వియన్నా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు జోసెఫ్ స్టెఫాన్, జోసెఫ్ లోష్మిట్ ఆయనకు గురువులుగా లభించారు. స్టెఫాన్ ఆయన చేతికి బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వ్యాసాలను, వాటితోపాటు ఒక ఆంగ్ల వ్యాకరణ గ్రంథాన్ని అందించారు. అప్పటికి శిష్యుడికి ఆంగ్లం రాదు. 1866లో డాక్టరేట్ పొందిన బోల్ట్జ్‌మన్, 1869లో పాతికేళ్ళ వయస్సుకే గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

ఆయన భార్య హెన్రియెట్ కూడా గణితం అభ్యసించినవారే. మహిళలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేని ఆ రోజుల్లో, గ్రాజ్‌లో తరగతులకు హాజరయ్యే అనుమతి కోసం ఆమె అర్జీలు పెట్టుకున్నారు. 1876లో వారి వివాహం జరిగింది. ఆ తరువాత గ్రాజ్‌లో గడిపిన 14 సంవత్సరాలే బోల్ట్జ్‌మన్ జీవితంలో ప్రశాంతమైన కాలం. అనంతర కాలంలో నోబెల్ బహుమతులు అందుకున్న స్వాంటె అరీనియస్, వాల్టర్ నెర్న్‌స్ట్ ఆ కాలంలోనే అక్కడ ఆయన వద్ద పనిచేశారు.

తిరిగి రాని వేడి

బోల్ట్జ్‌మన్ తలకెత్తుకున్న సమస్య ప్రతి ఇంటిలోనూ, ప్రతి కర్మాగారంలోనూ కనిపించేదే. సూరత్‌లో పర్వత్ పాటియా చుట్టుపక్కల బట్టల వ్యాపారాన్ని, మరమగ్గాల పనిని నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అద్దకపు తొట్టి కొత్త కాదు. ఆవిరితో కాగిన రంగునీరు, ఆవిరి ఆపగానే చల్లబడుతుంది. గాలిలో కలిసిన వేడిని తానే పోగుచేసుకొని మళ్ళీ కాగదు. నీటిలో పడిన రంగు తొట్టె అంతటా వ్యాపిస్తుంది. తిరిగి ఒక మూలకు చేరి ముద్దకట్టదు. ఒకవేళ అలా జరిగినా శక్తి నిత్యత్వ నియమానికి భంగం లేదు. అయినా ఎవరూ అలా జరగగా చూడలేదు.

ఆవిరి యంత్రాల సామర్థ్యానికి హద్దు ఎక్కడ ఉందో 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో లెక్కగట్టారు. ఆ ఆలోచనను జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్లాసియస్ ఉష్ణగతిక శాస్త్ర రెండవ నియమంగా తీర్చిదిద్ది, 1865లో ఎంట్రోపీ అనే పేరును ప్రవేశపెట్టారు. బయటి ప్రమేయం లేని వ్యవస్థలో ఎంట్రోపీ పెరుగుతుంది, లేదా అలాగే ఉంటుంది, తగ్గదు. నియమం స్పష్టంగానే ఉంది. ఎందుకు అలా జరుగుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

జవాబు అణువుల్లో ఉందని బోల్ట్జ్‌మన్ విశ్వసించారు. వాయువు అంటే అసంఖ్యాకమైన అణువుల పరుగు. వేడి అంటే ఆ పరుగులోని శక్తి. ఒక్కొక్క అణువు గమనాన్ని పట్టుకోవడం అసాధ్యం కాబట్టి, మాక్స్‌వెల్ చూపిన దారిలో గణాంక పద్ధతిని చేపట్టారు. 1872లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో, అణువుల తాకిడుల వల్ల వాయువు సమతాస్థితి వైపే సాగుతుందని నిరూపించినట్లు ప్రకటించారు. రెండవ నియమానికి యంత్రశాస్త్రంలోనే పునాది దొరికిందని అనిపించింది.

గురువు వేసిన చిక్కుప్రశ్న

ఆ నిరూపణను ప్రశ్నించినవారు పరాయివారు కారు. గురువు, మిత్రుడు అయిన లోష్మిట్ 1876లో ఒక చిక్కును ముందుకు తెచ్చారు. న్యూటన్ చలన నియమాలకు కాలం ముందుకు నడిచినా, వెనక్కి నడిచినా ఒకటే. ఒకానొక క్షణంలో అణువులన్నిటి వేగాలనూ సరిగ్గా వెనక్కి తిప్పితే, అవి వచ్చిన దారినే తిరిగి వెళతాయి, ఎంట్రోపీ తగ్గుతుంది. రెండు దిశలనూ సమానంగా అనుమతించే నియమాల నుంచి ఒకే దిశలో సాగే నియమం ఎలా పుడుతుంది?

ఆ ఆక్షేపణను బోల్ట్జ్‌మన్ కొట్టిపారేయలేదు. దానితో ఏడాదిపాటు తలపడి 1877లో ఇచ్చిన సమాధానం రెండవ నియమం స్వభావాన్నే మార్చివేసింది. ఎంట్రోపీ తగ్గడం అసాధ్యం కాదని, అసంభావ్యం మాత్రమేనని ఆయన తేల్చారు.

అద్దకపు తొట్టిని మనసులోనే రెండు సగాలుగా విభజించి, అందులో 10 రంగు కణాలు మాత్రమే ఉన్నాయని అనుకుంటే ఈ మాట తేటపడుతుంది. ప్రతి కణం ఎడమన గాని, కుడిన గాని ఉండవచ్చు కాబట్టి మొత్తం అమరికలు 1,024. పదీ ఎడమవైపే ఉండే అమరిక ఒక్కటే. చెరి అయిదుగా ఉండే అమరికలు 252. కణాలు ఏ ఉద్దేశమూ లేకుండా తిరుగుతున్నా, చెదిరి ఉన్న స్థితులే ఎక్కువసార్లు ఎదురవుతాయి. కణాలు 100 అయితే, అన్నీ ఎడమకు చేరే అవకాశం ఒకటి పక్కన 30 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒక వంతు కంటే తక్కువ. నిజమైన తొట్టిలోని అణువుల సంఖ్య ముందు ఈ 100 ఏ లెక్కలోకీ రాదు. రంగును ఒక మూలకు చేరవద్దని ప్రకృతి నిషేధించలేదు. చేరే దారులు చేరని దారుల ముందు లేనంత తక్కువ.

ఈ విధంగా ఎంట్రోపీ అన్నది అమరికల సంఖ్యకు కొలమానమయింది. ప్రకృతి నియమం అంటే మినహాయింపు లేని శాసనం అనుకున్న కాలంలో, ఒక మౌలిక నియమం సంభావ్యతపై నిలిచి ఉందని చెప్పడం సాహసమే. తన నిరూపణను కాపాడుకోవడానికి బోల్ట్జ్‌మన్ నిశ్చయత్వాన్ని వదులుకున్నారు.

అంతటితో ఆక్షేపణలు ఆగలేదు. మాక్స్ ప్లాంక్ సహాయకుడైన ఎర్నెస్ట్ జెర్మెలో 1896లో మరొక వాదం లేవదీశారు. పరిమిత వ్యవస్థ ఏదైనా తగినంత కాలం గడిస్తే తొలి స్థితికి చేరువగా తిరిగి వస్తుందని గణితం చెబుతున్నప్పుడు, ఎంట్రోపీ ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందనడం ఎలా? తిరిగి రావచ్చునని, అందుకు పట్టే కాలం మాత్రం ఊహకు అందనంత దీర్ఘమని బోల్ట్జ్‌మన్ బదులిచ్చారు. అయితే విశ్వం అంత తక్కువ ఎంట్రోపీ గల స్థితి నుంచి ఎందుకు మొదలైందన్న ప్రశ్న మిగిలిపోయింది. భౌతిక శాస్త్రవేత్తలు నేటికీ దానిపై ఏకాభిప్రాయానికి రాలేదు.

ల్యూబెక్ సభ

పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి జర్మన్ భాషా ప్రాంతాల్లో మరొక వాదం బలపడింది. పరమాణువులను ఎవరూ చూడలేదు. చూడనిదాని గురించి మాట్లాడటం శాస్త్రం కాదు. ప్రకృతిని శక్తి, దాని రూపాంతరాల ద్వారానే వర్ణించాలి. శక్తివాదంగా పేరొందిన ఈ ధోరణికి రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్, గణితజ్ఞుడు గేయోర్గ్ హెల్మ్ నాయకులు.

1895 సెప్టెంబరులో ల్యూబెక్ నగరంలో జరిగిన ప్రకృతి శాస్త్రవేత్తల, వైద్యుల మహాసభలో ఇరుపక్షాలూ ముఖాముఖి తలపడ్డాయి. శక్తివాదుల సమీకరణాల్లోని లోపాలను బోల్ట్జ్‌మన్ ఒక్కొక్కటిగా ఎత్తిచూపారు. ఆ వాదోపవాదాన్ని చూసిన యువ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్, ఎంత నేర్పుగల కత్తియోధుడైనా చివరకు వృషభానిదే గెలుపయిందన్న పోలికతో దానిని గుర్తుచేసుకున్నారు. ఆ వృషభం బోల్ట్జ్‌మన్. సభలో గెలుపు ఆయనదే అయినా, పరమాణువు పట్ల సందేహం తొలగిపోలేదు. శక్తివాదాన్ని తిరస్కరించిన ప్లాంక్ సైతం ఆనాటికి పరమాణు పక్షాన లేరు.

అదే సంవత్సరం ఎర్నెస్ట్ మాక్ తత్త్వశాస్త్ర ఆచార్యులుగా వియన్నా చేరారు. ఇంద్రియానుభవాలను పొదుపుగా, క్రమంగా వర్ణించడమే శాస్త్రం పని అన్నది ఆయన సిద్ధాంతం. ఆ తూకంలో పరమాణువు మహా అయితే ఒక లెక్కల సౌకర్యం.

సిద్ధాంతం ఒక బొమ్మ

పరమాణువు కోసం ఇంత పట్టుదలగా వాదించిన మనిషి, తన సిద్ధాంతమే పరమసత్యమని ఎన్నడూ ప్రకటించలేదు. సిద్ధాంతం మనసు గీసుకునే బొమ్మ అని ఆయన భావించారు. ఒకే విషయానికి రెండు బొమ్మలు ఉండవచ్చు. ఏది ఎక్కువ విషయాలను వివరిస్తుందో, ఏది కొత్త ప్రయోగాలకు దారిచూపుతుందో దానిని నిలుపుకోవాలి. రేపు మెరుగైనది దొరికితే దీనిని వదలాలి. డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని అమితంగా అభిమానించిన ఆయనకు, ఆలోచనలు కూడా పోటీలో నెగ్గి నిలవవలసినవే.

వాస్తవాలను మాత్రమే వర్ణిస్తున్నామన్న శక్తివాదులు కూడా తెలియకుండా ఒక బొమ్మనే గీస్తున్నారని ఆయన అభ్యంతరం. పరమాణువు బొమ్మను ముందుగానే నిషేధిస్తే, దాని వెంట రాగల ఆవిష్కరణలన్నీ ఆగిపోతాయన్నది ఆయన భయం. ఆయన వాదంలోని అసలు పట్టు ఇక్కడే ఉంది. అనుభవానికి ముందే ఏ ఊహనూ చంపకూడదు; అనుభవం తరువాత ఏ ఊహనూ పూజించకూడదు.

చివరి సంవత్సరాలు

1889లో పదకొండేళ్ళ పెద్ద కుమారుడు లుడ్విగ్ అపెండిసైటిస్‌తో మరణించిన తరువాత బోల్ట్జ్‌మన్ మనసు కుదుటపడలేదు. మ్యూనిక్, వియన్నా, లైప్‌జిగ్, మళ్ళీ వియన్నా అంటూ ఊళ్ళు మారారు. 1900లో ఆయనను లైప్‌జిగ్‌కు రప్పించినది ల్యూబెక్ ప్రత్యర్థి ఆస్ట్‌వాల్డే. సిద్ధాంతంలో ఎదురు నిలిచినవారు స్నేహంలో పక్కన నిలిచారు. ఉత్సాహం ఉప్పొంగే రోజులు, నిరాశ కమ్ముకునే రోజులు ఆయన జీవితంలో మారి మారి వచ్చేవి. ఉబ్బసం, తలనొప్పి తోడయ్యాయి. చూపు మందగించి, శాస్త్ర వ్యాసాలను ఇతరుల చేత చదివించుకోవలసి వచ్చింది.

అయినా తరగతి గదిలో ఆయన తేజం తగ్గలేదు. పెద్ద నల్లబల్లపై ప్రధాన సమీకరణాలు, పక్కనున్న రెండు చిన్న బల్లలపై మధ్య మెట్లు రాస్తూ విషయాన్ని విప్పేవారు. కేంద్రక విచ్ఛిత్తిని తరువాతి కాలంలో వివరించిన లీసె మైట్నర్, ఆ తరగతుల్లో కూర్చున్న విద్యార్థిని. 1903లో, అనారోగ్యంతో విరమించుకున్న మాక్ స్థానంలో తత్త్వశాస్త్ర ఉపన్యాసాలు కూడా బోల్ట్జ్‌మన్‌కే అప్పగించారు. తొలి ఉపన్యాసానికి సభామందిరం కిక్కిరిసిపోయింది. 1905 వేసవిలో కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పి వచ్చి, ఆ ప్రయాణాన్ని హాస్యం చిలికే వ్యాసంగా రాశారు. మరుసటి ఏడాది వసంతంలో అనారోగ్యం ముదిరి పాఠాలు నిలిచిపోయాయి. సెప్టెంబరులో కుటుంబంతో డ్యూయినో వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు. ఆ మరణాన్ని శాస్త్ర వివాదం ఖాతాలో వేయడం కంటే, చికిత్సకు లొంగని మనోవ్యాధి తీసుకున్న ప్రాణంగా చూడటమే న్యాయం.

సమాధి రాయిపై సమీకరణం

ఆయన జీవించి ఉండగానే గాలి మళ్ళింది. 1900లో ఉష్ణ వికిరణ సమస్యను ఛేదించడానికి ప్లాంక్ ఆశ్రయించినది బోల్ట్జ్‌మన్ అమరికల లెక్కనే; క్వాంటం సిద్ధాంతం అక్కడ పుట్టింది. 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, నీటిలో తేలే సూక్ష్మ రేణువుల ఎడతెగని కదలికకు అణువుల తాకిడులే కారణమని గణితంతో వివరించారు. 1908 నుంచి ఫ్రాన్స్‌లో జీన్ పెరాన్ చేసిన ప్రయోగాలు ఆ లెక్కలను ధ్రువపరిచాయి. 1909లో ఆస్ట్‌వాల్డ్ పరమాణువును బహిరంగంగా అంగీకరించారు. బోల్ట్జ్‌మన్ మరణించి అప్పటికి మూడేళ్ళు మాత్రమే.

1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్, కాంతి కణాలను లెక్కించడానికి ఆ పద్ధతినే మార్చి కొత్త గణాంకాన్ని నిర్మించారు. బొమ్మ మారింది, బొమ్మలు మారాలన్నది బోల్ట్జ్‌మన్ కోరినదే.

వియన్నా కేంద్ర శ్మశానవాటికలో ఆయన సమాధిపై, పాలరాతి ప్రతిమకు పైన ఒక చిన్న సమీకరణం చెక్కి ఉంది. అమరికల సంఖ్య సంవర్గమానాన్ని ఒక స్థిరాంకంతో గుణిస్తే ఎంట్రోపీ వస్తుందని దాని అర్థం. దానిని ఆ రూపంలో రాసింది ప్లాంక్. స్థిరాంకానికి నిలిచిన పేరు బోల్ట్జ్‌మన్‌ది. 2019 మే 20 నుంచి ఉష్ణోగ్రత ప్రమాణమైన కెల్విన్‌ను ఆ స్థిరాంకం ఆధారంగానే నిర్వచిస్తున్నారు. కనిపించని అణువు మీద పెట్టిన నమ్మకం, నేడు ప్రపంచమంతా వేడిని కొలిచే కొలబద్దకు ఆధారమయింది.