అన్నీ కొలిచిన మేరీ.. ఆ ఒక్కటీ కొలవలేదు!

డబ్బుల్లేక చదువు ఆగిందా? మేరీ క్యూరీకీ ఆగింది. 1867లో వార్సాలో పుట్టారు. అక్కడి యూనివర్సిటీలో అప్పట్లో అమ్మాయిలకు సీటు లేదు. అక్కను పారిస్‌లో మెడిసిన్ చదివించడానికి పరాయి ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి డబ్బు పంపారు. తన వంతు వచ్చింది 1891లో. రెండేళ్లకే ఫిజిక్స్ డిగ్రీలో ఫస్ట్ ర్యాంక్! తర్వాత క్రాకో వెళ్లి యూనివర్సిటీలో పని అడిగితే, మహిళ అని కాదన్నారు. తిరిగి పారిస్ చేరి, పియరీని పెళ్లి చేసుకున్నారు.

వాళ్ల ల్యాబ్ వానకు కారే షెడ్డు. టన్నులకొద్దీ ఖనిజాన్ని మరిగించి, ఇనుప కడ్డీతో కలియబెట్టి 1902 నాటికి తీసింది గ్రాములో పదో వంతు రేడియం లవణం. చీకట్లో వెలిగే ఆ గొట్టాలను చూసి ఇద్దరూ మురిసిపోయేవారు. ఒంటికి ఎంత రేడియేషన్ తగులుతోందో మాత్రం లెక్క లేదు. 1903లో ఒకటి, 1911లో ఇంకొకటి.. రెండు నోబెల్ బహుమతులు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే వ్యాన్లతో గాయపడిన సైనికుల దగ్గరకు వెళ్లారు. రక్షణ అంతంతమాత్రమే.

1934 జులై 4న, 66 ఏళ్లకు కన్నుమూశారు. జబ్బు పేరు అప్లాస్టిక్ ఎనీమియా. ఎముక మజ్జ ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు.. మూడింటి తయారీనీ దాదాపు ఆపేస్తుంది. చాలా అరుదు. 1995లో ఆమె అవశేషాలను పరీక్షించిన నిపుణులు, రేడియం కంటే యుద్ధకాలపు ఎక్స్‌రేలే కారణం కావచ్చని అంచనా వేశారు.

ఇది మీకెందుకంటారా? రేడియాలజీ టెక్నీషియన్‌గా చేరితే ఎక్స్‌రేలు ఉంటాయి. పెట్రోకెమికల్స్, రబ్బరు, సాల్వెంట్లు, జిగురు పనుల్లో బెంజీన్ ఉండొచ్చు. అదీ మజ్జను దెబ్బతీస్తుంది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్, కొన్ని క్యాన్సర్ మందులు, అరుదుగా హెపటైటిస్ కూడా కారణమవుతాయి. చాలామందిలో అయితే కారణమే దొరకదు. కాబట్టి భయపడి మంచి ఉద్యోగం వదులుకోవద్దు. అడిగి చేరండి.

ఆఫర్ లెటర్ రాగానే జీతంతో పాటు ఇవీ అడగండి: పనిలో ఏ రసాయనం వాడతారు? గాలిలో దాని మోతాదు కొలుస్తారా? చేరే ముందు, ఆ తర్వాత ఏటా రక్తపరీక్ష చేయిస్తారా? ఎక్స్‌రే గదిలో పనైతే మీ పేరున టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారా? ఇస్తే రోజూ పెట్టుకోండి, డ్రాయర్‌లో పడేయకండి. విడవని నీరసం, మాటిమాటికీ జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు.. ఇవి కనిపిస్తే సీబీసీ పరీక్ష చేయించుకోండి. ఏం పని చేస్తున్నారో డాక్టర్‌కు చెప్పండి.

మేరీ కాలంలో ఆ బ్యాడ్జి లేదు. మీకు ఉంది.